మ్యాచింగ్ సెంటరు గడప మీద



రంగుల గురించి రేడియోలో మాట్లాడడం కొంచెం సాహసమే. నెమలికంఠం రంగు అని నేనిక్కడ అంటే మీలో ఒకరి కళ్ల ముందు పచ్చ మెరుస్తుంది, ఇంకొకరికి నీలం మెరుస్తుంది. ఎవరిది తప్పో తేల్చడానికి మీకు గుడ్డ ముక్క చూపించే దారి లేదు నాకు. అయినా ఫరవాలేదు. ఇవాళ నేను చెప్పబోయే కొట్లో పొద్దున్న షట్టరు లేచినప్పటి నుంచి రాత్రి దించేదాకా సరిగ్గా ఈ తగాదాయే నడుస్తుంటుంది. అక్కడ గుడ్డ చేతిలో ఉండి కూడా తెగదు.

ఆ కొట్టే మ్యాచింగ్ సెంటరు. ఇంట్లో మగవాళ్లలో చాలామందికి దాని గురించి తెలిసిందల్లా బయట బండి మీద కూర్చుని ఎదురుచూడడం. లోపలికి వచ్చి చూస్తే ఎంత ఇరుకు కొట్టులో ఎంత సరుకు పట్టించారో అర్థమవుతుంది. మూడు వైపులా నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా జాకెట్టు గుడ్డల తానులు. తెలుపు, హాఫ్ వైట్, క్రీము, గంధం, బిస్కట్టు, అక్కణ్ణుంచి లేత పసుపు, ముదురు పసుపు, మామిడిపండు, కనకాంబరం, మిరపపండు ఎరుపు, రాణీ రంగు, వంగపండు, రామా గ్రీను, ఆనంద బ్లూ, చివరికి నలుపు. ఒక రంగు పక్కన దాని దగ్గర చుట్టం ఉంటుంది. కౌంటరు అద్దం కింద దారం రీళ్లు, హుక్కులు, ప్రెస్ బటన్లు, జిప్పులు. గోడకి లేసులు, జరీ అంచులు. ఒక మూల ఫాల్స్ కట్టలు. కొంచెం పెద్ద కొట్టయితే ఊలు ఉండలు, క్రోషా సూదులు, మగ్గం వర్కుకి కావలసిన పూసలు, చమ్కీలు, జర్దోసీ తీగ కూడా దొరుకుతాయి. మన ‘కుట్లు, అల్లికలు’ అనే జంట మాటలో ఉన్న సమస్తం ఆ నాలుగు గోడల మధ్యే.

విజయవాడ వన్ టౌన్‌లో, రాజమండ్రి తాడితోటలో టోకు బజార్లున్నాయి. సికింద్రాబాదు జనరల్ బజారులో అయితే అంచులకీ లేసులకీ విడిగా వీధులే ఉన్నట్టుంటుంది. కానీ నా ఇష్టం ఊళ్లో ఉండే చిన్న కొట్టు మీదే. కారణం ఒకటే. అక్కడ పావు మీటరు అడిగినా మొహం ముడుచుకోరు.

ముందు వెలుతురు సంగతి చెప్పాలి. ఈ బేరంలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది.

గడప మీద నిలబడకూడదని మన పెద్దవాళ్లు అంటారు కదా, ఈ కొట్టుకి మాత్రం ఆ పట్టింపు లేదు. ఎవరు వచ్చినా చివరికి తేలేది గడప మీదే. ఒకావిడ పట్టుచీర మడత విప్పి బల్ల మీద పరుస్తుంది. కుర్రాడు కొంగు అంచు వైపు చూసి, అరలోంచి తాను లాగి పక్కన పెడతాడు. “కొంచెం మాడినట్టు లేదూ బాబూ?” అంటుందావిడ. “లేదక్కా, కలిసిపోయింది” అంటాడు వాడు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన తలెత్తకుండానే, “అది కాదురా, దాని కింద రెండోది తియ్యి” అంటాడు. ఆ రెండోది వచ్చాక చీర కొంగూ తాను చివరా రెండూ పట్టుకుని ముగ్గురూ బయటికి నడుస్తారు. ఎండలో పక్కపక్కన పెట్టి, కళ్లు చిట్లించి, కొంచెం వెనక్కి జరిగి, తల అటూ ఇటూ వంచి చూస్తారు. లోపల అతికినట్టున్న రంగు బయట విడిపోతుంది. లోపల కాదనుకున్నది ఒక్కోసారి బయట కలుస్తుంది.

ఇందులో మాయేమీ లేదు. గుడ్డకి రంగు వచ్చేది దానిమీద పడిన వెలుతురులో కొంత మింగి, మిగతాది తిప్పి పంపడం వల్ల. పట్టుకి వేసే అద్దకం వేరు, నూలుకి వేసేది వేరు, పాలిస్టరుకి వేసేది ఇంకా వేరు. కంటికి ఒకే మెరూన్‌లా కనిపించే రెండు గుడ్డలు లోపల వేర్వేరు రసాయనాలతో ఆ మెరూన్‌కి చేరి ఉంటాయి. సూర్యుడి వెలుగులో అన్ని రంగులూ దాదాపు నిండుగా ఉంటాయి. ట్యూబులైటులో, ఎల్ఈడీ దీపంలో కొన్ని బలంగా, కొన్ని పల్చగా ఉంటాయి. అందుకే ఒక దీపం కింద జత కుదిరిన గుడ్డలు ఇంకో దీపం కింద విడిపోతాయి. అద్దకం పరిశ్రమలో దీన్ని మెటామెరిజం అంటారు. ఆ పేరు ఎరగకుండానే దానికి మందు కనిపెట్టింది మన కొట్టాయన. గడప దాకా రమ్మంటాడు, అంతే.

అయితే ఇక్కడ నాదొక మాట. ఎండలో చూడమని అందరూ చెబుతారు. కానీ నడినెత్తి ఎండ మంచిది కాదు, మెరుపు గుడ్డలు తెల్లబోయి కనిపిస్తాయి. సాయంత్రం వాలు ఎండ అన్నిటికీ పసుపు పూస్తుంది. పొద్దున పది దాటాక, నేరుగా ఎండ పడని నీడపట్టున, ఆకాశం వెలుతురులో చూడాలి. రంగులు పరీక్షించేవాళ్లు ఉత్తరం వైపు కిటికీ వెతుక్కునేది ఇందుకే. ఇంకొకటి, ఆ చీర కట్టుకునేది రాత్రి పెళ్లికయితే, కల్యాణమండపంలో పసుపు దీపాల కిందే కదా అందరూ చూసేది? అప్పుడు ఫోను టార్చి తెల్లదీపం సరిపోదు. కొట్లో పసుపు బల్బు ఎక్కడైనా ఉంటే దాని కిందా ఒకసారి పట్టండి. రెండు వెలుతుర్లలోనూ నిలబడిన రంగే మీ రంగు.

రెండు రంగుల నీడ కొట్టే పట్టుచీరలు వేరే పేచీ. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేస్తారు కాబట్టి మడత తిరిగినచోటల్లా రంగు మారుతుంది. అటువంటి చీరకి సరిగ్గా కలిసే జాకెట్టు గుడ్డ కోసం ఊరంతా తిరగడం దండగ. చీర అంచు దగ్గర పోగులు కొంచెం విడదీసి చూస్తే పడుగు రంగేమిటో, పేక రంగేమిటో విడివిడిగా తెలుస్తుంది. ఆ రెంటిలో ఒకటి తీసుకోండి. నేనయితే ముదురుది తీసుకుంటాను. లేతది మెడ దగ్గర వెలిసినట్టు కనిపిస్తుంది. ఇది నా అభిరుచి, శాస్త్రం కాదు.

రంగు కుదిరాక కొలత. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. గజాలు పోయి మీటర్లు వచ్చాయి. కానీ ఈ కొట్లో ఆ చట్టం సగం దూరమే నడిచింది. గుడ్డ పొడుగు మీటర్లలో, పన్నా మాత్రం ఇవాళ్టికీ అంగుళాల్లోనే. ముప్పయ్యారు పన్నా, నలభై నాలుగు పన్నా. హుక్కులు డజన్లలో, బొత్తాలు టోకుగా కొంటే గ్రోసుల్లో, అంటే నూట నలభై నాలుగేసి. పూసలూ జర్దోసీ గ్రాముల్లో. ఇంట్లో అమ్మమ్మ ఉంటే పూలతోపాటు లేసు కూడా మూరల్లోనే చెబుతుంది. ఇన్ని కొలతలు ఒక్క బిల్లులో ఇరుక్కునే కొట్టు ఇంకొకటి నేనెక్కడా చూడలేదు.

పన్నా అడగకుండా మీటర్లు చెప్పడం చాలామంది చేసే పని. ‘జాకెట్టుకి ఎనభై సెంటీమీటర్లు’ అని బట్టీపట్టి వస్తారు. నలభై నాలుగు పన్నా గుడ్డకి అది సరిపోవచ్చు. అదే ముప్పయ్యారు పన్నా అయితే మోచేతుల దాకా చేతులు పెట్టించుకునేవాళ్లకి మీటరు కూడా బొటాబొటీ. వెడల్పులో ఎనిమిది అంగుళాలు పోయాయంటే టైలరు చేతుల ముక్కలు ఎక్కణ్ణుంచి తీస్తాడు? అందుకని ముందు పన్నా, తరవాత పొడుగు. లేసు కొనేటప్పుడు చీర చుట్టుకొలత వేసుకోవాలి. చీర అయిదున్నర మీటర్లు. పైఅంచు, కిందఅంచు రెంటికీ కలిపి పదకొండు. కొంగుకి ఇంకో మీటరు పైచిలుకు. లేసు రోలు సాధారణంగా తొమ్మిది మీటర్లుంటుంది. కిందఅంచుకీ కొంగుకీ అయితే అందులో మిగులుతుంది. పైఅంచుకి కూడా కావాలంటే ఒక్క రోలు చాలదు. ఈ లెక్క ఇంట్లో వేసుకుని వెళ్లకపోతే, రెండో రోలు కోసం మీరు మళ్లీ వచ్చేసరికి ఆ డిజైను అయిపోయి ఉంటుంది.

కొలిచేటప్పుడు చెయ్యి చూడండి. జార్జెట్టు, క్రేపు లాంటివి సాగుతాయి. మీటరు కర్ర మీద బిగలాగి కొలిస్తే ఇంటికొచ్చాక గుడ్డ తన పొడుగు తను తగ్గించుకుంటుంది. అమ్మేవాడు మోసం చేస్తున్నాడని కాదు, చేతివాటం అలా పడిపోయి ఉంటుంది. “వదులుగా పరిచి కొలవండన్నయ్యా” అంటే చాలు, మళ్లీ కొలుస్తాడు.

ఇక నాకు ఆ కొట్లో అన్నిటికన్నా ఇష్టమైన చప్పుడు ఒకటుంది. ఇది రేడియోకి పనికొచ్చేదే. పాప్లిన్ గానీ, నూలు లైనింగు గానీ అడిగితే కుర్రాడు కత్తెరతో అంగుళం గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని పర్రున చింపుతాడు. మొదటిసారి చూసినవాళ్లు ఉలిక్కిపడతారు. కానీ ఆ చింపుడులో ఒక న్యాయముంది. మామూలు నేత నూలుగుడ్డ పోగు వెంటే చినుగుతుంది. కత్తెర ఎటైనా పోగలదు, చింపుడు పోగును దాటి పోలేదు. అలా చింపిన ముక్క సగానికి మడిచి చూస్తే మూలలు కలవాలి. కలవలేదంటే మిల్లులోనో, తాను చుట్టేటప్పుడో గుడ్డ వంకరగా లాగబడిందన్నమాట. అటువంటి గుడ్డతో కుట్టిన జాకెట్టు నాలుగు ఉతుకుల తరవాత ఒక పక్కకి తిరుగుతుంది. మనం టైలరుని తిడతాం.

లైనింగు, ఫాల్స్ గురించి ఒక్కమాట చెప్పి ముందుకెళ్తాను, ఇది మీలో చాలామందికి తెలిసిందే. నూలువి ఏవైనా కుట్టించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చెయ్యాలి. కుట్టాక కుదించుకుపోతే చీర కుచ్చిళ్ల దగ్గర ముడతలు లేస్తాయి. ముదురు ఎరుపు, నలుపు, నేవీ బ్లూ అయితే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటిందంటే పట్టుచీరకి కూడా అంటుతుంది.

ఇప్పుడు నెంబర్ల గోల. దారాలూ సూదులూ కొనేటప్పుడు చదువుకున్నవాళ్లే ఎక్కువ తికమకపడతారు. పెద్ద నెంబరంటే లావు దారమని అనుకోవడం సహజం. దారంలో సరిగ్గా తిరగబడుతుంది. నూలు కౌంటు లెక్క ఇంగ్లండు మిల్లుల నాటిది. ఒక పౌను బరువు నూలులో, ఒక్కొక్కటి 840 గజాలుండే చిలపలు ఎన్ని వస్తే అది ఆ నూలు నెంబరు. నలభై చిలపలొస్తే నలభయ్యో నెంబరు, ఎనభై వస్తే ఎనభయ్యోది. అదే బరువులో ఎక్కువ పొడుగు రావాలంటే దారం సన్నబడాలి కదా. కాబట్టి నెంబరు పెరిగినకొద్దీ సన్నం. ఎంబ్రాయిడరీకి వాడే పర్ల్ కాటన్‌లోనూ అంతే, అయిదో నెంబరు లావు, ఎనిమిది మధ్యస్థం, పన్నెండు సన్నం. లేసు దారంలో కూడా ఇదే వరస.

సూదుల దగ్గరికి వస్తే ఇంకో చిక్కు. చేతిసూదిలో పెద్ద నెంబరు సన్నం. మిషను సూదిలో పెద్ద నెంబరు లావు. పల్చటి పట్టు, షిఫాన్ కుట్టడానికి పదకొండో నెంబరు, మామూలు జాకెట్టు గుడ్డకి పద్నాలుగు, జీన్సు లాంటి మందపు గుడ్డకి పదహారు, పద్దెనిమిది. ఊలు అల్లే సూదుల్లో మన కొట్లలో ఇంకా పాత బ్రిటిషు నెంబర్లే నడుస్తున్నాయి. అక్కడ ఎనిమిదో నెంబరు నాలుగు మిల్లీమీటర్ల లావు, పదో నెంబరు మూడుంపావు. అంటే మళ్లీ తిరగబడింది. క్రోషా సూదులు మాత్రం నేరుగా మిల్లీమీటర్లలో వస్తున్నాయి కాబట్టి కొంత నయం. ఇవన్నీ గుర్తుపెట్టుకోమని నేననను. నెంబరు చెప్పకండి, పని చెప్పండి. “షిఫాన్ చీరకి జిగ్‌జాగ్ చెయ్యాలండీ, సూది ఇవ్వండి” అంటే చాలు, మిగతాది ఆయన పని.

టూ బై టూ రూబియా అనే గుడ్డ మన తల్లుల కాలం నుంచీ జాకెట్లకి రాజ్యమేలుతోంది. అందులో లెక్క కూడా ఇలాంటిదే. పడుగులో రెండు పోగులు కలిపి పురిపెట్టిన నూలు, పేకలోనూ అలాగే రెండు పోగుల నూలు వాడితే అది టూ బై టూ. పల్చగా కనిపిస్తుంది గానీ గట్టిగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. ఇప్పుడు రూబియా పేరుతో పాలిస్టరు కలిసినది కూడా వస్తోంది. రెండూ పక్కపక్కన పెట్టి పిడికిట్లో నలిపి వదిలితే తేడా తెలుస్తుంది. నూలుది ముడత పడి ఉండిపోతుంది, కలిసినది తేరుకుంటుంది. పోగు కాల్చి చూడడమనే పద్ధతి ఇంకోటుంది. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడయ్యే నల్లటి పిలక మిగులుతుంది. పాలిస్టరు కరిగి గట్టిపడుతుంది. ఈ పరీక్ష ఇంటి దగ్గర, నీళ్ల పక్కన చేసుకోండి. గుడ్డల కొట్లో అగ్గిపుల్ల గీస్తే పెద్దాయన ఇంక మిమ్మల్ని గడప తొక్కనివ్వడు.

ఊలు గురించి. మన కోస్తాలో స్వెట్టరు అవసరం నెలరోజులకి మించి ఉండదు గానీ, మనవలకి టోపీలూ మేజోళ్లూ అల్లే సరదా మాత్రం తగ్గలేదు. కొట్లో ఊలు పేరుతో దొరికేది ఎక్కువగా యాక్రిలిక్. చాలావరకు లూధియానా వైపు నుంచి వస్తుంది. ఉతకడానికి తేలిక, రంగులు మెండు, ధర తక్కువ. చెమట మాత్రం పీల్చదు. మన వాతావరణానికి, చంటిపిల్లలకైతే మరీనూ, నూలు దారమే హాయి. ఏది కొన్నా ఉండ చుట్టూ ఉన్న కాగితం చీటీ పారేయకండి. దానిమీద రంగు నెంబరు ఒకటి, లాట్ నెంబరు ఒకటి ఉంటాయి. రంగు నెంబరు అందరూ చూస్తారు. అసలు చూడవలసింది లాట్. ఒకే రంగు నెంబరైనా ఒక తొట్టిలో అద్దినదానికీ ఇంకో తొట్టిలో అద్దినదానికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఉండల్లో చూస్తే కనబడదు. అల్లాక వీపు మధ్యలో గీత గీసినట్టు తేలుతుంది. పనికి ఎన్ని ఉండలు పడతాయో అంచనా వేసి, ఒకటి ఎక్కువే, ఒకే లాట్‌లో తీసుకోవాలి.

ఎంబ్రాయిడరీ దారంలో ఈ జాగ్రత్త అంత అక్కర్లేదు. ఆంకర్, డీఎంసీ లాంటి పాత కంపెనీలు రంగు నెంబర్లు ఏళ్ల తరబడి నిలబెట్టుకుంటాయి. ఆంకర్‌లో నలుపు 403, డీఎంసీలో 310. చిన్న చిలపలో ఎనిమిది మీటర్లు, ఆరు పోగులు. మామూలు కుట్టుకి అందులో రెండు పోగులు విడదీసి వాడతారు. చీటీ చివర దాచుకున్నవాళ్లు అదే రంగు ఏ ఊళ్లోనైనా అడిగి తెచ్చుకోగలరు.

దారం మాట వచ్చింది కాబట్టి నరసాపురం చెప్పకుండా పోలేను.

పశ్చిమ గోదావరిలో నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నంపూట అరుగుల మీద ఆడవాళ్లు క్రోషా సూదితో లేసు అల్లడం చూసే ఉంటారు. 1844 ప్రాంతంలో మెక్‌రే అనే మిషనరీ దంపతులు దుమ్ముగూడెంలో ఈ పని నేర్పారని చెబుతారు. అక్కణ్ణుంచి అది గోదావరి వెంట డెల్టాకి దిగి అక్కడే నిలిచిపోయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బల్లగుడ్డలు, దిండుగలీబులు, పక్కదుప్పట్లు, గౌన్ల కాలర్లుగా ఆ లేసు విదేశాలకి పోతుంది. మరి మన మ్యాచింగ్ సెంటరుతో దానికేం సంబంధమంటారా? అదే నేను చెప్పదలుచుకున్నది. అంత దారం వాడే ఆ చేతులు దారం కొట్టుకి రావు. దారం వాళ్లింటికే వస్తుంది. ఏజెంటు దారమిచ్చి, నమూనా చూపించి వెళ్తాడు. అల్లకం తీసుకుపోయి కూలి ఇస్తాడు. పువ్వులు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. ఏ దారం, ఏ నెంబరు, ఏ రంగు అన్నది అల్లే మనిషి చేతిలో లేదు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వీళ్ల మీద ఒక పుస్తకమే రాశారు. ఇంటిపనిలో ఖాళీ వేళ అల్లుకుంటున్నారనే పేరు మీద వీళ్లని కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టడం లేదని, ఆ లెక్కకి రాకపోవడం వల్లే ఆ సరుకు అంత చవగ్గా సముద్రాలు దాటుతోందని ఆవిడ వాదన. పుస్తకం వచ్చి నలభై ఏళ్లు దాటినా ఆ వాదన పాతబడిందని నేను చెప్పలేను.

అందుకే ఈమధ్య వచ్చిన ఒక మార్పు నాకు ముచ్చటగా ఉంటుంది. చీర కొంగులకి కుచ్చులు కట్టే పని. సిల్కుదారం రీళ్లు తెచ్చుకుని, పూసలు గుచ్చి, క్రోషాతో అల్లి కుచ్చులు వేసే ఆడవాళ్లు ఇప్పుడు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇందులోనూ అందరూ కోటీశ్వరులవడం లేదు, పెళ్లిళ్ల కాలంలో పని, మిగతా రోజుల్లో ఖాళీ. కానీ తేడా ఒకటుంది. కొట్టుకొచ్చి రీళ్లు ఏరుకునేది వాళ్లే. చీర పక్కన పెట్టి, ‘దీనికి పాత బంగారం రంగు పూస వేస్తే బావుంటుంది’ అని నిర్ణయించేది వాళ్లే. ధర చెప్పేది కూడా వాళ్లే. శ్రావణమాసంలో ఏ మ్యాచింగ్ సెంటరుకెళ్లినా, బల్లకి అడ్డంగా మోచేతులాన్చి, సంచిలోంచి ఒకదాని తరవాత ఒకటి చీరలు తీసి రీళ్లు ఏరుతున్న మనిషి కనిపిస్తే, ఆవిడ కుచ్చుల ఆవిడే. మీరు కొత్తవాళ్లయితే ఆవిడ పక్కన నిలబడండి. ఏ కంపెనీ దారం పీచు లేస్తుందో, ఏ పూస రంగు దిగుతుందో కొట్టాయన చెప్పడు గానీ ఆవిడ చెబుతుంది.

కొట్టాయన కష్టం కూడా చెప్పుకోవాలి. ఆయన ఒక్కో రంగుకి ఒక్కో తాను నిలవ పెట్టాలి. నలుపూ తెలుపూ ఎరుపూ వారాల్లో కరిగిపోతాయి. వాటి మధ్యన ఉండే రంగులు ఏ ఒక్క చీర కోసమో ఎదురుచూస్తూ ఏళ్లు పడి ఉంటాయి. ఆ పడి ఉన్న డబ్బే మన పావు మీటరు సౌకర్యం. ఫోనులో చూసి తెప్పించుకుంటే చవగ్గా రావచ్చు. కాదనను. ఒకే రంగు లైనింగు పది మీటర్లు కావాలంటే నేనూ అలాగే తెప్పిస్తాను. కానీ జత కలిపే పని ఫోను తెర మీద కుదరదు. తెరకి దాని వెలుతురు దానిది, గుడ్డకి దీని వెలుతురు దీనిది. 

మంచి కొట్టాయనని గుర్తుపట్టడానికి నాకొక కొండగుర్తుంది. దగ్గరి రంగు అంటగట్టకుండా “లేదమ్మా, నా దగ్గర లేదు” అనగలిగినవాడు. రెండు వందల బేరం వదులుకుని, “ఎదురు సందులో అడిగి చూడండి” అని కూడా అన్నాడంటే ఇంక ఆ కొట్టు వదలకండి. అక్కడా దొరక్కపోతే ఆయనే చెబుతాడు, తెల్లగుడ్డ కొని అద్దకం కొట్లో ఇమ్మని. అలా ఇచ్చేటప్పుడు రెండు సంగతులు. గుడ్డ నూలో పట్టో అయి ఉండాలి, మామూలుగా గిన్నెలో మరగబెట్టి వేసే రంగు పాలిస్టరుకి సరిగా పట్టదు. రెండోది, కుట్టించాక కాదు, కుట్టించక ముందే అద్దించాలి. కుట్టుదారం చాలావరకు పాలిస్టరే కాబట్టి గుడ్డ రంగెక్కి, కుట్లు తెల్లగా మిగిలిపోతాయి.

చివరగా, డబ్బు ఇచ్చే ముందే ఒక మాట అడిగి పెట్టుకోండి. విప్పని ఉండలు, తెరవని రీళ్లు వెనక్కి తీసుకుంటారా, తీసుకుంటే ఎన్నాళ్ల లోపు అని. కోసిన గుడ్డ ఎవరూ తీసుకోరు, అడగడం కూడా ధర్మం కాదు. దారం మాత్రం చాలామంది తీసుకుంటారు, చీటీ ఊడకుండా ఉంటే. బిల్లు వెనక ఆ తేదీ రాయించుకోండి.